పెరటి పక్షులు – పిలవని ఉడుతలు

కోతల కాలంలో క్రొత్త వరికంకులను కుచ్చుగా అల్లి వసారా దూలానికో, గుడి మండపానికో వ్రేలాడగట్టడం మన పల్లెలలో చిరకాలంగా ఉన్న ఆచారం. పిచ్చుకలు వచ్చి ఆ గింజలు తిని పోవలెనని దాని ఉద్దేశం. ఒకొక్కప్పుడు ఆ కుచ్చు మీదికి ఉడుత కూడా ఎగబ్రాకి నాలుగు గింజలు కొరుక్కొని పోతుంది. దానిని ఎట్లా ఆపవలెనా అని మనవారు బుర్ర బద్దలు కొట్టుకొన్నట్లు కనబడదు. సేతువు కట్టేవేళ ఇసుక మోసి, శ్రీరాముని వ్రేళ్ల గుర్తులు వీపున ధరించిన ప్రాణి అని దానిపై మనకొక ఆదరం. చేసే సాయం చిన్నదైనా మనసు పెద్దదని చెప్పడానికి 'ఉడుతాభక్తి' అన్న మాటనే వాడుకొంటున్నాము.

అమెరికాలో స్థిరపడిన బిడ్డలను చూచి వచ్చిన తలిదండ్రులు చెప్పే వింతలలో ఒకటి దీనికి పూర్తిగా భిన్నమైనది. అక్కడ ఇంటి పెరటిలో ఒక ఇనుప కంబం నాటుతారు. దానికి పక్షుల కోసం గింజలు నింపిన గొట్టమో, చిన్న పెట్టెయో తగిలిస్తారు. ఆ కంబం నడుమ బోర్లించిన గొడుగువంటి రేకు ఒకటి ఉంటుంది. అది వానకూ కాదు, ఎండకూ కాదు, ఉడుతను ఆపడానికి. అంగడికి వెళ్లి మేతతొట్టి కొనబోయే గృహస్థు, "దీనికి పిట్టలు వచ్చునా?" అని అడగడానికి ముందు, "ఉడుతలు రాకుండా ఉండునా?" అని అడుగుతాడు. ఐదు కోట్లకు పైగా జనులు ఇంటివద్ద పక్షులకు మేత పెట్టే దేశంలో ఇది చిన్న ప్రశ్న కాదు. దీని వెనుక దాదాపు మూడు వందల సంవత్సరాల చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర కొంత తెలిసినవానికి తొట్టిని ఎన్నుకోవడం కూడా తేలిక అవుతుంది.

మొదట ఆ ఉడుతను పరిచయం చేసుకొందాము. మన తోటలలో తిరిగే చారల ఉడుత అరచేతిలో ఇమిడేటంతటి ప్రాణి. తూర్పు అమెరికా అడవులలోని బూడిద ఉడుత దానికి నాలుగైదు రెట్లు బరువు. ఇంచుమించు అరకిలో తూగుతుంది. ఓక్ చెట్ల కాయలు, హికరీ గింజలు దానికి సహజాహారం. శీతకాలానికి ముందు వాటిని ఒకొక్కటిగా నేలలో పాతిపెట్టి, మంచు కురిసే నెలలలో త్రవ్వి తీసుకొంటుంది.

వలస పాలన నాటి రైతులకు ఈ ఉడుత పరమశత్రువు. అడవి నరికి మొక్కజొన్న వేసిన చేలమీద ఉడుతలు దండుగా పడేవి. పెన్సిల్వేనియా వలసరాజ్యంలో ఉడుత తలకు మూడు పెన్నీల చొప్పున బహుమానం ప్రకటించినారు. 1748 మొదలు 1751 వరకు ఉత్తర అమెరికాలో పర్యటించిన స్వీడను ప్రకృతిశాస్త్రజ్ఞుడు పీటర్ కామ్ ఈ సంగతిని వ్రాసి ఉంచినాడు. 1749లో ఆ ఒక్క వలసరాజ్యమే ఇందుకు ఎనిమిది వేల పౌనులు చెల్లించినదట. లెక్క కడితే అది ఆరు లక్షల నలుబది వేల ఉడుతల ఖరీదు. ఖజానా ఖాళీ అయినది గాని ఉడుతల జాతి మాత్రం అంతరించలేదు.

సరిగా నూరేళ్లు తిరగకముందే, అదే పెన్సిల్వేనియాలో, అదే ఉడుతకు పట్టాభిషేకం జరిగినది. 1847లో ఫిలడెల్ఫియా నగరంలోని ఫ్రాంక్లిన్ స్క్వేర్ అనే ఉద్యానంలో మూడు ఉడుతలను తెచ్చి వదలినారు. అవి నివసించడానికి చెట్లకు పెట్టెలు కట్టినారు. వేళకు ఆహారం పెట్టే ఏర్పాటు చేసినారు. అప్పటికి నగరాలు పెరిగి, చుట్టుప్రక్కల అడవులు తరిగి, పట్టణవాసులకు వన్యప్రాణి కనబడటమే అరుదైపోయినది. ఇటుక గోడల నడుమ పెరిగే పిల్లలకు చెట్టు మీద చరించే ఒక ప్రాణిని చూపవలెనని పెద్దలు తలచినారు. తరువాతి దశాబ్దంలో బోస్టను, న్యూహేవెన్ మొదలైన పట్టణాలు కూడా ఫిలడెల్ఫియా బాటనే పట్టినవి.

ఆ ఉత్సాహానికి ఒకసారి ఆటంకం వచ్చినది. ఉడుతలు పక్షుల గూళ్లను చెరిపివేస్తాయనీ, పక్షులు తగ్గితే చెట్లను తినే పురుగులు ప్రబలుతాయనీ శంక పుట్టి, 1860ల దశకంలో ఫిలడెల్ఫియా ఉద్యానాల నుండి వాటిని చాలవరకు తొలగించినారు. నేడు పెరటిలో నడుస్తున్న వివాదానికి అదే తొలి వాయిదా అనుకోవచ్చును. కాని ఆ తీర్పు ఎక్కువ కాలం నిలువలేదు. 1877లో న్యూయార్కు సెంట్రల్ పార్కులో బూడిద ఉడుతలను విడిచిపెట్టినారు. ఈసారి ఉద్యానం విశాలమైనది; ఓక్ చెట్లు ఉన్నవి; వేరుసెనగ కాయలు పెట్టే చేతులకు కొదువ లేదు. ఉడుతలు అక్కడ నిలద్రొక్కుకొని, తరువాత నగరంలోని చెట్ల వరుసలను పట్టుకొని పేటపేటకూ ప్రాకినవి.

ఇందులో ఒక నైతికోద్దేశం కూడా కలిసి ఉన్నది. ప్రాణులకు తన చేతితో తిండి పెట్టడం వలన బాలునిలో దయ కలుగునని ఆనాటి సంస్కర్తల విశ్వాసం. ప్రకృతి రచయిత ఎర్నెస్ట్ థామ్సన్ సెటన్ 1914లో బాలుర స్కౌటు పత్రికలో వ్రాస్తూ, ఉడుతలు లేని పట్టణాలకు ఉడుతలను పంపవలెనని ప్రోత్సహించినాడు. పిల్లలలోని క్రౌర్యాన్ని మాన్పడానికి అవి ప్రచారకులవంటివని ఆయన భావం. ఆ విధంగా ఒక తరం వారు పొలం దొంగ అని చంపించిన ప్రాణిని, మరి రెండు మూడు తరాల వారు గురుపీఠం మీద కూర్చుండబెట్టినారు. ఈనాడు అమెరికా పెరటిలోకి వచ్చే ఉడుత అడవి నుండి దారి తప్పి వచ్చినది కాదు. నగరవాసులు పిలిచి, ఇల్లు కట్టి, తినిపించి పెంచిన వంశంలోనిది.

ఆ ఆతిథ్యం సముద్రం దాటి చేసిన పని ఇంకను గంభీరమైనది. 1876లో ఇంగ్లండులోని చెషైర్ మండలంలో హెన్‌బరీ పార్కు యజమాని థామస్ యూనెట్ బ్రాకిల్‌హర్‌స్ట్ తన తోటలో ఒక జత బూడిద ఉడుతలను విడిచిపెట్టినాడు. ఆ దేశంలో వాటిని వదలినట్లు ఆధారమున్న తొలి సంఘటన అదే. 1890లో న్యూజెర్సీ నుండి తెప్పించిన పది ఉడుతలను వోబర్న్ ఆబీలో ఉంచినారు. అక్కడి నుండి బెడ్‌ఫర్డ్ ప్రభువు ఇతర ఎస్టేటులకూ, ఉద్యానాలకూ వాటిని కానుకలుగా పంచినాడు. అందమైన ప్రాణి, చలాకీ ప్రాణి, మన తోటలో తిరిగితే బాగుండునన్నదే వారందరి తలంపు.

బ్రిటనులో అంతకుముందు యుగయుగాలుగా ఎర్ర ఉడుత ఉన్నది. అది చిన్నది, చెవుల మీద కుచ్చులు కలది. బూడిద ఉడుతలు దాని ఆహారానికి పోటీ వచ్చినవి. అంతకంటె ఘోరమేమనగా, అవి మోసుకొని తిరిగే ఒక మశూచివంటి వైరస్ వాటికి అపాయం చేయదు గాని ఎర్ర ఉడుతలను రోజులలో చంపుతుంది. 1937లో ఒక ఉత్తర్వు ద్వారా బూడిద ఉడుతలను దిగుమతి చేయడాన్నీ, పెంచడాన్నీ నిషేధించినారు. అప్పటికే ఆలస్యమైనది. 1950లలో తోక తెచ్చి చూపినవారికి షిల్లింగుల బహుమతి ఇచ్చినారు. పెన్సిల్వేనియాలో వలెనే అక్కడను డబ్బు ఖర్చయినది గాని ఉడుత తగ్గలేదు. 2018లో ప్రకటించిన అంచనా ప్రకారం బ్రిటనులో బూడిద ఉడుతలు సుమారు 27 లక్షలు. ఎర్ర ఉడుతలు మూడు లక్షలకు లోపు, అందులోను అధికభాగం స్కాట్లండులోనే. ఇంగ్లండులో చాలా మండలాల పిల్లలు తమ దేశపు ఉడుతను బొమ్మలలోనే చూస్తున్నారు.

ఇక పక్షుల సంగతికి వద్దాము. ఉడుతలకు ఉద్యానాలలో విందు జరుగుతున్న కాలంలోనే పక్షులకు మేత పెట్టే అలవాటు కూడా పెరిగినది. అమెరికాలో హెన్రీ డేవిడ్ థోరో వాల్డెన్ చెరువు ఒడ్డున ఒంటరిగా ఉన్న శీతకాలంలో, పండని మొక్కజొన్న పొత్తులను గుడిసె ముంగిట మంచుమీద వేసి, వచ్చిపోయే పక్షులనూ ఎర్ర ఉడుతలనూ చూచి ఆనందించిన విషయం 1854లో ప్రచురించిన తన గ్రంథంలో చెప్పినాడు. ఆయనకు ఇద్దరూ అతిథులే. ఇంగ్లండులో 1890–91 శీతకాలం అతి దారుణంగా ఉన్నప్పుడు, పక్షులకు రొట్టెముక్కలు వేయండని పత్రికలు ప్రజలను కోరినవి. జర్మనీలో తురింజియాలోని సీబాక్ అనే తన ఎస్టేటులో బారన్ హాన్స్ ఫన్ బెర్లెప్ష్ పక్షులకు గూడుపెట్టెలు, మంచు పడినా గింజలు తడవని మేత గృహాలు నిర్మించి చూపినాడు. ఆయన పద్ధతులను వివరించిన పుస్తకం ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకంలో ఆంగ్లంలోకి రాగా, ఇతర దేశాలవారు అనుసరించినారు.

అమెరికాలో ఇది దయగా మాత్రమే గాక లాభంగా కూడా కనబడినది. పురుగులను తినే పక్షి రైతుకు చెలికాడని వ్యవసాయ శాఖ ప్రచారం చేసినది. 1914లో పక్షులను ఇంటికి ఆకర్షించే విధానాలపై రైతుల కొరకు ఒక కరపత్రమే వెలువరించినది. న్యూహాంప్‌షైర్‌లోని మెరిడెన్ గ్రామంలో 1910లో ఎర్నెస్ట్ హెరాల్డ్ బేన్స్ పక్షి సంఘం స్థాపించి, ఊరుఊరంతా మేతబల్లలు పెట్టించినాడు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత మధ్యతరగతివారు నగరాల వెలుపల పచ్చిక పెరళ్లు గల ఇండ్లు కట్టుకొన్నారు. అంగళ్లలో పొద్దుతిరుగుడు గింజలు బస్తాలుగా దొరకసాగినవి. ప్రతి పెరటిలోను ఒక మేతతొట్టి వెలసినది. అదే పెరటి చెట్టుమీద, తాతల నాడు ఉద్యానం నుండి బయలుదేరిన ఉడుత కూర్చుండి ఉన్నది. రెండు దయలు ఒకే ముంగిట ఎదురుపడినవి.

వివాదం గింజల విషయమై మాత్రమే అయితే సర్దుకొనేవారు. పెద్ద ఉడుత తొట్టిలో కూర్చుంటే పిట్టలు దగ్గరకు రావు. ఒక్క పూటలో తొట్టి ఖాళీ అవుతుంది. ఆపైన ఉడుత ముందుపళ్లు ఎన్నడూ పెరుగుతూనే ఉంటవి గనుక, వాటిని అరగదీయడానికి అది కొయ్యనూ ప్లాస్టికునూ కొరుకుతుంది. నెల తిరగకముందే తొట్టి తూట్లు పడుతుంది. వసంతంలో అవకాశం దొరికితే పిట్టల గుడ్లను కూడా తింటుంది. ఫిలడెల్ఫియావారి శంక నిరాధారం కాదన్నమాట.

ఈ దొంగను ఆపడానికి కనిపెట్టిన సాధనాల చరిత్ర వినోదకరమైనది. తాడిని తన్నేవాడుంటే వాని తలదన్నేవాడుంటాడన్న సామెతకు ఇంతకు మించిన దృష్టాంతం దొరకదు. అన్నిటిలో పాతది అడ్డురేకు. దీని సూత్రం మనకు క్రొత్త కాదు. ఎలుకలు ఎక్కకుండా కొబ్బరిచెట్టు మ్రానుకు మన రైతులు రేకు చుడతారు. ఓడరేవులో ఓడను కట్టిన మోకులకు గుండ్రని పళ్లేలవంటి రేకులు తగిలించి ఉండటం విశాఖపట్నంలో చూచినవారు ఉంటారు. ఎలుకలు త్రాడు వెంట ఓడలోకి ప్రాకకుండా అది ఏర్పాటు. ఇంగ్లండు పల్లెలలో పూర్వం ధాన్యపు కొట్లను పుట్టగొడుగు ఆకారం గల రాళ్లమీద నిలిపేవారు. రాతి కాడను ఎక్కిన ఎలుక, పైనున్న వెడల్పు టోపీ అంచును దాటలేక దిగిపోయేది. పెరటి కంబానికి నేడు అమర్చే గొడుగు రేకు, పొయ్యిగొట్టంవంటి వెడల్పు రేకు గొట్టం, ఆ టోపీరాతి సంతతివే.

కొందరు ఇంత శ్రమ ఎందుకని కంబానికి జిడ్డునూనె పూసినారు. ఉడుత జారిపడటం చూచి నవ్వుకొన్నారు. కాని ఆ జిడ్డు దాని బొచ్చుకు, పిట్టల ఈకలకు అంటుకొంటే అవి శరీరపు వేడిని నిలుపుకోలేవు, చలిలో చనిపోవచ్చును. పక్షిప్రేమికులు ఆ పద్ధతిని విడిచిపెట్టవలెనని గట్టిగా చెబుతారు.

రెండవది గొట్టపు తొట్టి. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో పీటర్ కిల్హామ్ అనే శిల్పి, యంత్రకారుడు ఉండేవాడు. ఆయన డ్రోల్ యాంకీస్ అనే సంస్థ పెట్టి మొదట గ్రామఫోను రికార్డులు వెలువరించినాడు. చిత్తడి నేలలోని కప్పల కూతలు, పక్షుల పాటలు శబ్దగ్రహణం చేసి వినిపించిన ఆ మనిషి మీద రేడియోవారికి సహజంగానే అభిమానం కలుగుతుంది. 1969లో ఆయన పారదర్శకమైన గొట్టానికి రంధ్రాలు చేసి, వాటికి లోహపు అంచులు బిగించి, చిన్న పుల్లలు అమర్చి ఒక తొట్టి తయారు చేసినాడు. గింజలు తడవవు, ఎంత మిగిలినదో దూరం నుండే కనబడుతుంది, చిన్న పిట్టలు మాత్రమే ఆ పుల్లలమీద నిలువగలవు. లోహపు అంచు ఉడుత పంటికి లొంగదు. ఈనాడు ప్రపంచమంతటా కనబడే గొట్టపు తొట్టెలకు అది మాతృక.

అయినా ఉడుత ఊరుకోలేదు. పైకొమ్మ నుండి తలక్రిందుగా వ్రేలాడి గింజలు లాగుకొన్నది. అది దానికెట్లా సాధ్యమంటే, దాని వెనుక కాళ్ల చీలమండలు పూర్తిగా వెనుకకు తిరుగుతవి. అందుచేతనే చెట్టు దిగేటప్పుడు తల క్రిందికి పెట్టి దిగగలదు. అప్పుడు గొట్టం చుట్టూ లోహపు పంజరం వచ్చినది. పిట్ట దూరగల సందులలో ఉడుత దూరలేదు. చికడీవంటి చిన్న పిట్టకు ఇది క్షేమం. కాని పావురాలూ, పెద్ద పక్షులూ కూడా వెలుపలనే ఆగిపోవలసినదే.

ఆ తరువాత తూనిక తొట్టి పుట్టినది. చికడీ బరువు పది పన్నెండు గ్రాములు. ఎర్రని కార్డినల్ పిట్ట నలుబది ఐదు గ్రాములు. ఉడుత అయిదు వందలు. ఈ తేడాయే దాని రహస్యం. మెట్టు క్రింద ఒక స్ప్రింగు ఉంటుంది. బరువైన ప్రాణి కాలు మోపగానే మెట్టు క్రుంగి గింజల ద్వారం మూసుకొంటుంది, దిగిపోగానే తెరుచుకొంటుంది. ఎవరినీ గాయపరచదు. కొందరు ఇంకా ముందుకు పోయి, ఉడుత వ్రేలాడగానే మెట్టు గిరగిర తిరిగి దానిని విసిరివేసేటట్లు మోటారు అమర్చినారు. 1988లో బిల్ ఆడ్లర్ ఈ పోరాటం మీదనే ఒక హాస్య గ్రంథం వ్రాయగా, అది విశేషంగా అమ్ముడుపోయినది.

ఉడుత తెలివిని శాస్త్రజ్ఞులు కూడా పరీక్షించినారు. 2021లో కాలిఫోర్నియాలోని బర్‌క్లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు వంగే కొమ్మలవంటి మెట్లమీద నుండి అక్కడి నక్క ఉడుతలను వేరుసెనగ ఆశచూపి దూకించినారు. కొమ్మ ఎంత వంగునో, సందు ఎంత దూరమో రెండూ బేరీజు వేసుకొని అవి దూకినవి. మొదట గురి తప్పినా నాలుగైదు ప్రయత్నాలలో నేర్చుకొన్నవి. అవసరమైనచోట గోడను తన్ని మరొక ఊపు తెచ్చుకొన్నవి. ఇటువంటి విద్యార్థికి ఒకే పాఠశాలలో ఎన్నాళ్లు చదివితే ఏ తాళం తెరవడం కష్టం?

సాధనాలతో ఓడినవారు గింజల మార్పుతో గెలువజూచినారు. ఇక్కడ మన నేలతో సంబంధం కలుగుతుంది. దక్కను పీఠభూమిలో జొన్నచేల చుట్టూ పశువులు రాకుండా ముండ్ల కుసుమను కంచెవలె వేయడం పాత అలవాటు. ఆ కుసుమ గింజలే అమెరికాలో మరొక రకపు కంచె అయినవి. వాటి చేదు ఉడుతలకు సాధారణంగా నచ్చదు. కార్డినల్ పక్షులు మాత్రం ఇష్టంగా తింటవి. అట్లే అరకులోయ కొండవాలులను పసుపుపచ్చగా కప్పివేసే వలిసె పూలను చూచినవారు మనలో చాలమంది. ఆ వలిసెలను వెర్రినువ్వులని కూడా అంటారు. భారతదేశం నుండీ, ఇథియోపియా నుండీ ఈ గింజలు అమెరికాకు ఎగుమతి అవుతున్నవి. కలుపు విత్తనాలు మొలకెత్తకుండా వేడిచేసిన పిదపనే వాటిని అక్కడ అమ్మనిస్తారు. గోల్డ్ ఫించ్ అనే పసుపు పిట్టకు అవి పరమాన్నం. ఉడుత వాటిని అంతగా లక్ష్యపెట్టదు. మన కొండరైతులు నూనె కోసం పండించే పంట జాతి అక్కడ పిట్టల విందైనది.

మిరపకాయ కథ మరీ చిత్రం. మిరప పుట్టినది అమెరికా ఖండాలలోనే. మన దేశానికి పోర్చుగీసు వర్తకుల కాలంలో వచ్చినది. దాని కారం పాలిచ్చే జంతువుల నోటిని మండిస్తుంది గాని పక్షికి తెలియదు. నోటిలో మంటను పసిగట్టే గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించినది. పక్షులలోని గ్రాహకం కారానికి స్పందించదని ఆ ప్రయోగశాలయే 2002లో నిరూపించినది. జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి పంచి ఇచ్చినారు. పక్షి మిరపపండు తిని విత్తనాలను పాడుచేయకుండా దూరాన విసర్జిస్తుంది. ఎలుకజాతి ప్రాణి వాటిని నమిలివేస్తుంది. అందుచేత మిరపచెట్టు తనకు తగిన అతిథిని తానే ఎన్నుకొన్నది. ఈ సంగతి గ్రహించి గింజలకు కారం పట్టించి అమ్ముతున్నారు. ఆకలి హెచ్చుగా ఉన్న ఉడుత కొన్నిటికి అదీ అలవాటు కావచ్చును. పొడికారం చల్లితే గాలికి ఎగిరి మనుషుల కళ్లలో పడుతుంది గనుక, నూనెతో గింజకు పట్టించినదే వాడవలెనంటారు.

ఇంత చరిత్ర విన్న తరువాత, ఏ తొట్టి కొనవలెనని అడిగేవారికి సమాధానం చెప్పవచ్చును. మొదట చూడవలసినది తొట్టిని కాదు, పెరటిని. బూడిద ఉడుత నేలమీద నుండి నాలుగైదు అడుగుల ఎత్తు ఎగురుతుంది. ప్రక్కకు ఎనిమిది తొమ్మిది అడుగులు దూకుతుంది. కావున కంబాన్ని చెట్టుకూ, గోడకూ, చూరుకూ కనీసం పది అడుగుల దూరంలో నాటవలెను. అడ్డురేకు పై అంచు నేలకు అయిదు అడుగులకు తక్కువ కాకుండా ఉండవలెను. స్థలం ఇట్లా కుదిరితే సామాన్యమైన గొట్టపు తొట్టి చాలును. కుదరకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా కొంతకాలమే పనిచేస్తుంది. చెట్లు దగ్గరగా ఉన్న ఇరుకు పెరటికి లోహపు తూనిక తొట్టి మేలు. చిన్న పిట్టలే చాలుననుకొంటే పంజరపు తొట్టి చౌక. దేనిలోనైనా గింజలు బయటకు వచ్చే చోటు లోహంతో చేసినదై ఉండవలెను.

మరొక మాట అంతకంటె ముఖ్యమైనది. తొట్టిని విడదీసి కడగడానికి వీలున్నదా లేదా అన్నది. ఒకే తొట్టి వద్దకు పలు పక్షులు చేరడం వలన రోగం వ్యాపిస్తుంది. 1994లో వాషింగ్టన్ పరిసరాలలో హౌస్ ఫించ్ పిట్టలకు కళ్లజబ్బు కనబడి, కొద్ది ఏండ్లలోనే తూర్పు అమెరికా అంతటా ప్రాకినది. బ్రిటనులో 2005 నుండి ఒక గొంతుజబ్బు గ్రీన్ ఫించ్ పిట్టలను లక్షలుగా హరించగా, 2021లో వాటిని అత్యంత ఆందోళనకరమైన పక్షుల పట్టికలో చేర్చవలసి వచ్చినది. రెండు వారాలకొకసారియైనా తొట్టిని కడిగి ఆరబెట్టలేనివారు, రోగిష్టి పిట్ట కనబడగానే మేత ఆపలేనివారు, తొట్టి పెట్టకపోవడమే పిట్టలకు మేలు చేసినట్లు. ఉడుతను ఆపే రేకు ఉన్నది గాని, మన అలసత్వాన్ని ఆపే రేకు ఏ అంగడిలోను దొరకదు.

మనవారు దానధర్మాలలో పాత్రాపాత్ర వివేచన చేయమన్నారు. ఆ మాటను పుచ్చుకొనేవాని యోగ్యతకే మనం సాధారణంగా అన్వయిస్తాము. ఈ చరిత్రలో పుచ్చుకొన్న ఉడుత చేసిన తప్పు ఏదీ లేదు. 1749లో అది ఎట్టిదో 1847లోను అట్టిదే, ఈనాడును అట్టిదే. తరానికొక తీరున మారినది పెట్టే చేయి. ఒక తరం తల కొట్టించినది, ఒక తరం గూడు కట్టించినది, ఒక తరం కానుకగా పరదేశానికి పంపి అక్కడి ఎర్ర ఉడుతకు ముప్పు తెచ్చినది. అందరూ మంచినే తలచినవారు. తాము పెట్టిన పిడికెడు గింజలు ఎవరి నోటికి పోయి, ఎవరి నోటిని కట్టివేయునో వారు చూడలేదు.

మన వసారాలో వరికుచ్చు వ్రేలాడుతున్నంత కాలం మనకు తూనిక తొట్టెలు అవసరం లేకపోవచ్చును. ఆ కుచ్చు పంటకాలానికి వచ్చి, గింజ అయిపోగానే ముగిసిపోతుంది. అది ఏ ప్రాణినీ ఏడాది పొడుగునా తనమీద ఆధారపడనీయదు; పిచ్చుకకు కొంత, ఉడుతకు కొంత దక్కుతుంది. న్యూజెర్సీ పెరటిలో కంబం నాటుకొన్న మన బిడ్డలకు ఆ పద్ధతి చాలదు; అక్కడి ఉడుత వేరు, అక్కడి శీతకాలం వేరు. వారు రేకు గొడుగు పెట్టుకోవలసినదే. అయితే పది అడుగులు కొలిచి కంబం నాటేవేళ, ఎదుటి కొమ్మమీద నుండి తమను కనిపెట్టి చూస్తున్న ఆ బూడిద ఉడుత తాతలను ఒకప్పుడు ఇటువంటి గృహస్థులే పిలుచుకొని వచ్చినారన్న సంగతి జ్ఞాపకం ఉంటే, ఆ పోరాటంలో కోపం తగ్గి ఓర్పు పెరుగుతుంది.